తప్పు వినేవాళ్లు లేని హిఫ్జ్: ఒక ఆన్‌లైన్ విద్యార్థిని కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు రాయలేదు. గుర్తుపట్టే వీలున్న ఇంటి వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. నాకన్నా నాలుగేళ్లు పెద్ద కాబట్టి నేను ఆమెను అక్కా అంటాను. చదువు చెబుతున్నానని ఆమె నన్ను ఆపా (ఉర్దూలో అక్క) అంటుంది. ఇక్కడ కూడా అక్క అనే రాస్తాను.

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి ఖురాన్ హిఫ్జ్, అంటే కంఠస్థం చేయడం, చెబుతాను. 2020 లాక్‌డౌన్‌కి ముందు మా ఇంట్లోనే చాప పరిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేదాన్ని. లాక్‌డౌన్‌లో ఫోన్‌లోకి మారాం. ఆ తర్వాత పిల్లలు చాలావరకు చాప మీదికి తిరిగి వచ్చారు. ఇల్లు, వంట, స్కూలు బస్సుల మధ్య చదువుకునే ఆడవాళ్లు మాత్రం ఫోన్‌లోనే ఉండిపోయారు. వాళ్లకి అది తప్ప దారి లేదు.

అక్కది తెలుగు ఇల్లు. మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో చాలాచోట్ల ఉన్నట్టే ఉర్దూ రాదు. నమాజులో చదివే సూరాలు, అంటే ఖురాన్ అధ్యాయాలు, చిన్నప్పుడు తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నవే. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చింది. మూడేళ్ల కిందట ఇంటి దగ్గర ఒక క్లాసులో చేరింది. అక్కడ మాటలన్నీ ఉర్దూలోనే. "సబఖ్ సునాఓ" అంటే పాఠం అప్పజెప్పమని. అది అర్థం కాక పక్కవాళ్ల మొహాలు చూసేదట. పక్కన కూర్చున్న పన్నెండేళ్ల పిల్లలు నవ్వారు. మూడు వారాలకి మానేసింది.

ఆ తర్వాత ఒంటరిగా మొదలుపెట్టింది. ఒక యాప్, యూట్యూబ్‌లో ఒక ఖారీ (ఖురాన్ రాగంతో పఠించేవారు) గొంతు, తెలుగు లిపిలో అచ్చేసిన పుస్తకం. 14 నెలల్లో నాలుగున్నర పారాలు (పారా అంటే ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటి): చివరి రెండు, మొదటి రెండు, మూడోదాంట్లో సగం. ఎవరి సాయమూ లేకుండా, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని చేసిన పని ఇది. ఆ కష్టం మీద నాకు మొదటి రోజు నుంచీ గౌరవం ఉంది. కేసులో లోపాలే ఎక్కువ రాస్తాను కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

వచ్చినప్పటి సమస్య

"ఇంట్లో బాగానే వస్తుంది ఆపా, ఎవరైనా వింటుంటే రాదు" అంది. కొత్తగా వచ్చినవాళ్లలో పదిమందిలో ఎనిమిది మంది చెప్పే మాటే. టెన్షన్ అనుకున్నాను.

మొదటి క్లాసులో మూడు విషయాలు చూశాను. ఒకటి, సూరా మొదటి నుంచి చదివితే నది పారినట్టు వెళ్తుంది. మధ్యలో ఒక ఆయత్ (ఖురాన్ వాక్యం) మొదలు చెప్పి "ఇక్కణ్ణుంచి" అంటే ముందుకు పోలేదు. మనసులో మళ్లీ పేజీ మొదటికి వెళ్లి, అక్కడినుంచి పరుగెత్తుకొచ్చి అందుకోవాలి. రెండోది, ఖారీ రాగం పట్టుకుంటేనే మాటలు వస్తున్నాయి. "రాగం లేకుండా మామూలుగా చదువక్కా" అన్నాను. నాలుగో లైనులో ఆగిపోయింది.

మూడోది బఖరా సూరాలో బయటపడింది. 47వ ఆయత్, 122వ ఆయత్ అక్షరం తేడా లేకుండా ఒకటే. వాటి తర్వాత వచ్చే 48, 123 కూడా దాదాపు ఒకటే. కానీ 48లో షఫాఅత్ (సిఫారసు) మాట ముందు, అద్ల్ (పరిహారం) మాట తర్వాత వస్తాయి. 123లో అవి తారుమారవుతాయి. అక్క 47 చదివింది, 123లోకి జారింది, ఆగకుండా 124లోని ఇబ్రాహీం అలైహిస్సలాం పరీక్ష దగ్గరికి వెళ్లిపోయింది. మధ్యలో 75 ఆయతులు పోయాయి. 49, 124 రెండూ "వ ఇజ్" అనే మొదలవుతాయి కాబట్టి చెవికి ఎక్కడా అతుకు తెలియదు. ముతషాబిహాత్, అంటే ఒకదాన్నొకటి పోలిన ఆయతులు, ప్రతి హాఫిజ్‌నీ, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాళ్లని, ఏడిపించేవే. నన్ను ఆపింది ఆ జారడం కాదు. 14 నెలలుగా ఆమె అలాగే చదువుతోందేమో, ఒక్కరూ "ఆగు" అనలేదేమో అన్న అనుమానం. అడిగాను. నిజమే. ఆ పేజీలు ఇప్పటిదాకా ఎవరికీ వినిపించలేదు.

ఆ రోజు నేను ఆ మాట దగ్గరే ఆగి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. ఆగలేదు.

మొదట చేసినవి, ఎందుకు పనిచేయలేదు

ముందు సబఖ్ తగ్గించాను. రోజుకి పేజీ బదులు ఐదు లైన్లు. మోత ఎక్కువైనప్పుడు పాతది జారుతుంది, మోత తగ్గిస్తే నిలుస్తుంది అన్నది నా లెక్క. పిల్లల విషయంలో ఇది చాలాసార్లు పనిచేసింది. అక్క విషయంలో మూడు వారాల తర్వాత ఐదు లైన్లు కూడా అలాగే ఉన్నాయి: మొదటి నుంచి అయితే వస్తాయి, మధ్యలోంచి అయితే రావు. నిలవనిది ఎంత తక్కువ ఇచ్చినా నిలవదు. తేడా కొలతలో లేదని అప్పుడు అర్థమైంది.

తర్వాత చేసింది నా పెద్ద పొరపాటు. కెమెరా ముందు భయపడుతోంది కదా, భయం పోయేదాకా వాట్సాప్‌లో వాయిస్ పంపమన్నాను. తనకి కుదిరిన వేళలో చదివి పంపుతుంది, నేను విని తప్పులు చెబుతాను, ఇద్దరికీ వీలు. వాయిస్‌లు వచ్చాయి. అద్భుతంగా ఉన్నాయి. నాలుగు వారాలు ఒక్క పెద్ద తప్పు లేదు. నేను సంతోషపడి సబఖ్ పెంచాను కూడా.

ఒకరోజు వచ్చిన వాయిస్ చివర్లో, రికార్డింగ్ ఆపేలోపు, వాళ్ల అబ్బాయి గొంతు పడింది: "అమ్మా, ఇంకెన్నిసార్లు చదువుతావ్? ఇందాకటిది బాగానే వచ్చిందిగా."

ఫోన్ చేసి అడిగాను. దాచలేదు పాపం. ఒక్కో పాఠం ఏడెనిమిదిసార్లు రికార్డు చేసి, మంచిది వచ్చేదాకా ముందువన్నీ చెరిపేస్తోందట. ఆమె మోసం చేయలేదు. గురువుకి మంచిదే ఇవ్వాలన్న మర్యాదతోనే చేసింది. కానీ ఆ చెరిపేసిన ఏడింటిలోనే నాకు కావలసినవన్నీ ఉన్నాయి. ఎక్కడ ఆగింది, ఏ మాట బదులు ఏ మాట వచ్చింది, ఆగినప్పుడు తనంతట తాను అందుకుందా లేక ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) తెరిచిందా. చాప మీద అయితే అవన్నీ నా కళ్ల ముందే జరిగేవి. ఉస్తాద్ (గురువు) ముందు అప్పజెప్పడం అంటే వచ్చింది చూపించడం ఒక్కటే కాదు, రానిది కూడా ఆయన ముందు పెట్టడం. నేను ఎంచుకున్న పద్ధతి సరిగ్గా దాన్నే తీసేసింది. ఒంటరిగా చదివిన 14 నెలల్లో ఏ లోపం ఉందో, దాన్నే నా చేత్తో ఇంకో నెల పొడిగించాను.

మూడో తప్పు తొందరలో చేసింది. "పునాదే సరిగా లేదక్కా, మొత్తం మళ్లీ మొదలుపెడదాం" అన్నాను. నిజం చెప్పాననుకున్నాను. 14 నెలల రాత్రులు ఒక్క మాటలో చెరిపేశానని తోచలేదు. "సరే ఆపా" అంది, ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు క్లాసుకి రాలేదు.

మలుపు

మూడో రోజు నేనే వీడియో కాల్ చేశాను. మాటలు పెట్టుకోకుండా, నా హిఫ్జ్ నాటి ముస్‌హఫ్ తెచ్చి కెమెరాకి చూపించాను. అట్ట ఊడిపోయి గుడ్డతో కుట్టుకున్నది. ప్రతి పేజీలో పెన్సిల్ గీతలే. నేను ఆగినచోట చిన్న గీత, తప్పు చదివినచోట సున్నా, పక్కన తేదీ. అవి మా ఉస్తాద్ పెట్టినవి. బఖరాలో అదే పేజీ, 47, 48 ఆయతులున్న పేజీ తెరిచాను. ఏడు గుర్తులున్నాయి, ఏడు వేరు వేరు తేదీలతో. "నేను కూడా ఇక్కడే జారానక్కా, ఏడుసార్లు" అన్నాను.

చాలాసేపు చూసింది. "మీకు కూడానా ఆపా" అంది. తర్వాత అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "ఈ గుర్తులు చెరపలేదేం?" చెరిపితే మళ్లీ ఎక్కడ జారతానో ఎలా తెలుస్తుంది అన్నాను.

ఆ రోజు చేసుకున్న ఒప్పందం ఇదీ. నాలుగున్నర పారాల్లో ఏదీ వదలం. కానీ మూడు నెలలు కొత్త సబఖ్ ఉండదు. వాయిస్‌లు ఉండవు. రోజూ ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత 25 నిమిషాలు ప్రత్యక్షంగా, ఎలా వస్తే అలా వినిపించాలి. ఆగితే ఆగనివ్వాలి.

పనిచేసినవి

మన మదర్సాల్లో వరుస ఒకటుంది: ముందు ఖాయిదాతో అక్షరాలు, తర్వాత నాజిరా అంటే చూసి చదవడం, ఆ తర్వాతే హిఫ్జ్. అక్క మొదటి రెండూ దాటేసి మూడోదానికి వచ్చింది. తెలుగు లిపి ఆ దాటడానికి వీలు కల్పించింది. తెలుగు లిపిని తప్పుపట్టడం లేదు, నా తొలి నమాజు కూడా దానివల్లే వచ్చింది. కానీ అది మోయగలిగినంతే మోస్తుంది. అది చూపించడానికి ఫాతిహా సూరా ఒక్కటి చాలు. "అల్‌హమ్దు"లో హ, "ఇహ్దినా"లో హ మనకి ఒకటే అక్షరం. అరబీలో మొదటిది గొంతు మధ్య నుంచి, రెండోది గొంతు అడుగు నుంచి. "నస్తయీన్"లో స వేరు, "సిరాత్"లో నోరు నిండా పలికే స వేరు. "సిరాత్"లో త వేరు, "అన్‌అమ్త"లో త వేరు. రోజుకి ఐదు పూటలూ చదివే ఏడు ఆయతుల్లోనే ఇన్ని ఉన్నాయని తెలిసి అక్క కాసేపు మాట్లాడలేకపోయింది.

ఖాఫ్ అనే అరబీ అక్షరం దగ్గర ఇంకో చిక్కు. హైదరాబాద్ ఉర్దూలో ఖాఫ్‌ని గొంతు గీసినట్టు ఖ అనే పలుకుతారు, ఇక్కడ పుట్టి పెరిగిన ఉర్దూ పిల్లలకి కూడా దాన్నే సరిచేస్తుంటాను. ఫలఖ్ సూరాలో "ఖలఖ్" అనే మాటలో మొదటి అక్షరం ఖా, చివరిది ఖాఫ్. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం, అక్క రెండూ ఒకేలా పలికేది. "చివరిది గీసినట్టు రాకూడదక్కా" అంటే కాఫ్‌లోకి, అంటే మామూలు క లోకి, జారింది. అది ఇంకా ప్రమాదం: ఖాఫ్‌తో "ఖుల్" అంటే చెప్పు, కాఫ్‌తో "కుల్" అంటే తిను. నాలుక మొదలు కొండనాలుక దగ్గర పై అంగిలికి తగలాలి. అద్దం పట్టుకుని నోరు తెరిచి చూసుకోమన్నాను. పదకొండు రోజులు పట్టింది.

ఈ పని ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు ఒకటి తెలుసుకోవాలి. మీటింగ్ యాప్‌లు చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించడానికి ఊపిరి లాంటి మెత్తని శబ్దాల్ని, సాగదీసిన స్వరాల్ని కూడా కోసేస్తాయి. తేలికైన హ, మద్ద్ అనే అచ్చుల సాగదీత అలాగే పోతాయి. కొన్ని రోజులు అక్క మద్ద్ తక్కువ చేస్తోందని సరిచేశాను. ఆమె సరిగ్గానే చేస్తోంది, ఫోన్ కోస్తోంది. సెట్టింగుల్లో ఆ శబ్ద తగ్గింపు ఆపేశాం, బ్లూటూత్ తీసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టాం. ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది, కానీ అక్షరం వినిపిస్తుంది.

అక్షరాలు కుదిరాక ఒకే ముస్‌హఫ్‌కి కట్టుబడ్డాం. అప్పటిదాకా యాప్‌లో కిందికి జారే తెర, తెలుగు పుస్తకం, ఇంట్లో ఉన్న వేరే అచ్చు, మూడింట్లో చదివేది. హాఫిజ్‌ల కోసం వేసే 15 లైన్ల ముస్‌హఫ్‌లో పేజీ ఆయత్‌తోనే ముగుస్తుంది, పారాకి ఇంచుమించు 20 పేజీలు. ఏ ఆయత్ ఎడమ పేజీలో పైన ఉందో, ఏది కుడి పేజీ అడుగున ఉందో కంటికి పట్టుకుంటుంది. మధ్యలోంచి అందుకోవడం అన్న సమస్య సగం ఇక్కడే తీరింది. ఫోన్ తెరలో ఆయత్‌కి చోటు ఉండదు, వేలితో తోస్తే కదిలిపోతుంది.

మూడు నెలల తర్వాత పాత పద్ధతిలోకి వచ్చాం: సబఖ్ కొత్త పాఠం, సబ్ఖీ ఈమధ్య చదివిన పేజీలు, ఆమోఖ్తా పాతది. సమయం తక్కువైన రోజు ఏది వదలాలి అన్నదే ఇక్కడ అసలు నిర్ణయం. అందరూ పాతది వదిలి కొత్తది పట్టుకుంటారు, ముందుకు పోతున్నట్టు ఉంటుంది కాబట్టి. మేం తిరగేశాం. 25 నిమిషాలు లేని రోజు కొత్త పాఠం ఉండదు, పాతది ఉంటుంది. కట్టేసిన ఒంటె తప్పించుకుపోవడంకన్నా వేగంగా ఖురాన్ జారిపోతుందని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. కొత్త ఒంటెని కొనే ముందు ఉన్నదాని తాడు చూసుకోవాలి కదా.

తప్పుల్ని రెండు రకాలుగా రాశాం. నేను చెప్పాల్సి వస్తే గల్తీ. ఆగినా తనే అందుకుంటే అటకన్. నేను వెంటనే అందించను, మనసులో పది లెక్కపెడతాను. మొదట్లో ఆ పది అంకెలు ఇద్దరికీ భరించలేనట్టుండేవి. ఒక పారాలో తొలి వారం గల్తీలు 31, అటకన్లు 12. రెండున్నర నెలలకి గల్తీలు 9, అటకన్లు 20. అటకన్లు పెరిగాయని అక్క దిగులుపడింది. అవి పెరగడమే మంచిదని, తప్పిపోయిన దారి తనే వెతుక్కోవడం నేర్చుకుంటోందని చెప్పాను.

జోడీ

ఇది నేను ముందుగా అనుకున్నది కాదు. రంజాన్‌లో దైవదూత జిబ్రీల్ అలైహిస్సలాం ప్రతి ఏటా ప్రవక్తతో కలిసి ఖురాన్ వల్లెవేసేవారు, చివరి ఏడాది రెండుసార్లు. ఒకరికొకరు వినిపించుకునే ఆ దౌర్ మన హాఫిజ్‌లందరికీ తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) ముందు ప్రాణాధారం. ఆన్‌లైన్‌లో అది ఉండదు, అందరూ గురువుతోనే విడివిడిగా మాట్లాడతారు.

అక్కకి జోడీగా ఇంటర్ చదివే ఒక అమ్మాయిని పెట్టాను. పిల్లలు నవ్వారని మానేసిన మనిషికి పిల్లనే జోడీ చేయడం మీద చాలా ఆలోచించాను. తప్పుల్లేని మనిషిని పెడితే అక్క ముడుచుకుపోతుంది. ఈ అమ్మాయికి తొమ్మిది పారాలు వచ్చు కానీ వేగం ఎక్కువ. ఆయతుల మొదట్లో ఉండే "వ"లు, "ఫ"లు మింగేస్తుంది. పట్టుకోవడానికి అక్కకి ఏదో ఒకటి దొరుకుతుంది.

మొదటి వారం అక్క ఒక్కటీ పట్టుకోలేదు. పట్టుకుంది, చెప్పలేదు. "పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో" అంది.

తర్వాత నెలసరి రోజులు వచ్చాయి. మేం పాటించే హనఫీ పద్ధతిలో ఆ రోజుల్లో ఖురాన్ పఠించం, వినవచ్చు. ప్రతి నెలా ఆ ఆరేడు రోజులు ఆడవాళ్ల హిఫ్జ్‌ని గండికొట్టినట్టు కొడతాయి. మగ హాఫిజ్‌లు రాసిపెట్టుకున్న దినచర్యల్లో దీనికి చోటుండదు. మన ఆడ ఉస్తాద్‌లు దీనిమీద బాహాటంగా మాట్లాడుకోవాలని నా కోరిక. నేను అక్కతో అన్నాను: "నువ్వు చదవొద్దు. పాప చదువుతుంది, నువ్వు విను. తప్పొస్తే వేలితో బల్ల మీద ఒక్కసారి కొట్టు."

నోటితో చెప్పడానికి మొహమాటపడిన మనిషి వేలితో కొట్టగలిగింది. మొదటిరోజు రెండుసార్లు. నాలుగోరోజు పదకొండుసార్లు, వాటిలో పది సరైనవి. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఆంటీ, మీ చెవి చాలా గట్టిది" అంది. స్నానం చేసి మళ్లీ చదవడం మొదలుపెట్టినప్పుడు, గండి పడుతుందనుకున్న పారాలో గల్తీలు నాలుగే. ఎదుటివాళ్ల తప్పు పట్టాలంటే సరైనది లోపల ముందే పరుగెత్తుతుండాలి. నోరు ఆగినా ఆ పరుగు ఆగలేదు. ఇప్పుడు నా దగ్గర చదివే పెళ్లయిన ఆడవాళ్లందరికీ ఆ రోజుల్లో ఇదే పని.

నేను మార్చుకున్నవి

చేరేవాళ్లని ఇప్పుడు "ఎన్ని పారాలు వచ్చు" అని అడగను, "ఎవరికి వినిపించావు" అని అడుగుతాను. ఎవరికీ వినిపించని పారాలుంటే వాటిని తీసేయమనను, ఆమోఖ్తాలో పెట్టి ఒక్కో పేజీ వింటాను. వాయిస్ రికార్డింగ్ ఒక్క మఖ్రజ్ (అక్షరం పుట్టే చోటు) కోసమే, అదీ ఒకే ఒక్కసారి చదివి పంపాలి. పోలిన ఆయతులకి వేరే నోటుబుక్కు, రెండూ పక్కపక్కన అరబీలో చేత్తో రాసి, కింద తెలుగు అర్థం. 49వ ఆయత్‌లో వచ్చేది ఫిరౌన్ రాజు సంగతి కాబట్టి, బఖరా జంటకి అక్క తన మాటల్లో రాసుకుంది: "షఫాఅత్ ముందొస్తే ఫిరౌన్ దగ్గరికి, అద్ల్ ముందొస్తే ఇబ్రాహీం దగ్గరికి."

ఏడాదిన్నర అయింది. అక్కకి ఇప్పుడు ఆరు పారాలు వచ్చు. వచ్చినప్పటికన్నా ఒకటిన్నరే ఎక్కువ, ఆ లెక్క ఆమెను ఇప్పుడు బాధపెట్టడం లేదు. రాగం మీద ఆనుకోవడం పూర్తిగా పోలేదు, అలసిన రోజు మళ్లీ ఖారీ గొంతులోకి వెళ్తుంది. తహజ్జుద్ అనే రాత్రి నమాజులో పావు పారా చదువుతోంది. మిగతా నమాజుల్లో ఇంకా చిన్న సూరాలే, ధైర్యం రాలేదు.

మొన్న గురువారం జోడీ క్లాసు విన్నాను. అక్క వంతు. 47వ ఆయత్ చదివి ఊపిరి తీసుకుంది. షఫాఅత్ ముందు, అద్ల్ తర్వాత, ఆ వెంటనే "వ ఇజ్ నజ్జైనాకుమ్". సరిగ్గా దాటింది. నేను లోపల అల్‌హమ్దులిల్లాహ్ అనుకునేలోపే అదే 49వ ఆయత్‌లో "యుజబ్బిహూన" ముందు లేని "వ" చేర్చింది. ఆ "వ" ఉన్నది ఇబ్రాహీం సూరాలో, ఇక్కడ కాదు. అవతలి నుంచి ఆ అమ్మాయి బల్ల మీద ఒక్కసారి కొట్టింది. అక్క ఆగింది. సరిచేసుకుని చదివింది. తర్వాత కొన్ని క్షణాలు మాట లేదు, ముస్‌హఫ్ మీద పెన్సిల్ గీసిన చప్పుడు ఫోన్‌లో సన్నగా వినిపించింది.